రంది తెలిసిన వైద్యం: భిన్న సమాజాల్లో కుంగుబాటు చికిత్సకుల శిక్షణ

కుంగుబాటుకు మందులున్నాయి, మాటలతో చేసే చికిత్సలూ ఉన్నాయి. ఆ మాటలు ఎవరు, ఎవరితో, ఏ భాషలో, ఏ వరసలో మాట్లాడుతున్నారన్న దాన్నిబట్టే వాటి బలం ఉంటుంది. చికిత్సకుడు ఒక కులంలో, ఒక భాషలో, ఒక బతుకుదెరువులో పెరుగుతాడు. ఎదుట కూర్చున్న మనిషి మరో చోటి నుంచి వస్తాడు. అప్పుడేం చేయాలో నేర్పడం మానసిక వైద్యంలో ఒక ప్రత్యేక శిక్షణగా రూపుదిద్దుకుంది. అమెరికా, బ్రిటన్‌లలో ఇది జాతి, వర్ణ భేదాల చుట్టూ పెరిగింది. తెలుగు నేలమీద భేదాల తీరు వేరు: కులం, తెగ, మతం, వలస, చేసే పని, ఆడామగా. రాజన్న సిరిసిల్ల జిల్లాలోని ఎల్లారెడ్డిపేట, పక్కనున్న సిరిసిల్ల, ఉత్తరాన కోరుట్ల, జగిత్యాల కలిసిన ప్రాంతంలో ఈ భేదాలన్నీ ఒక్కచోటే కనిపిస్తాయి.

2015-16లో బెంగళూరులోని నిమ్హాన్స్ ఆధ్వర్యంలో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే జరిగింది. దాని ప్రకారం ప్రతి ఇరవై మంది పెద్దవాళ్లలో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు కుంగుబాటుకు లోనవుతారు. ఆ జబ్బు ఉన్నవారిలో సుమారు 85 శాతం మందికి ఏ చికిత్సా అందడం లేదు. సర్వే చేసిన 12 రాష్ట్రాల్లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ లేవు. తెలంగాణ పరిస్థితి చెప్పే అంకె మరోచోట ఉంది. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల్లో 2022లో రాష్ట్రంలో 9,980 మంది ఆత్మహత్య చేసుకున్నారు. అంటే లక్ష జనాభాకు 26.3. దేశ సగటు 12.4. అన్నిటికీ కుంగుబాటే కారణమనడం తప్పు. అప్పు, జబ్బు, ఇంటి తగాదా, తాగుడు అన్నీ కలిసి ఉంటాయి. కానీ వాటన్నిటి మధ్య ముందుగా గుర్తుపట్టి నయం చేయగలిగినది కుంగుబాటు.

ఇక్కడి మనుషులు, ఇక్కడి పనులు

మరమగ్గాన్ని సిరిసిల్లలో సాంచా అంటారు. వేల సాంచాల మీద పాలిస్టర్, కాటన్ గుడ్డ తయారవుతుంది. పెద్ద యజమాని దగ్గర నూలు తెచ్చుకుని, కొద్దిపాటి సాంచాలు నడిపి గుడ్డ నేసిచ్చే చిన్నవాళ్లు ఆసాములు. వాళ్ల దగ్గర పన్నెండు గంటల షిఫ్టు నిలబడి నడిపేవాళ్లు కార్మికులు. ఆడవాళ్లు కండెలు చుడతారు, బీడీలు చేస్తారు. మార్కెట్ పడిపోతే మొదటి దెబ్బ కార్మికుడి కూలికి, రెండోది మిత్తికి తెచ్చి సాంచాలు కొన్న ఆసామికి. 2000 తర్వాతి దశాబ్దంలో నేత కార్మికుల ఆత్మహత్యలతో ఈ ఊరి పేరు దేశమంతా వినపడింది. 2017 నుంచి బతుకమ్మ చీరల ఆర్డర్లు వచ్చి ఏటా కొన్ని నెలలు చేతినిండా పని దొరికింది. ఆ ఆర్డర్లు ఆగిపోయాక 2024లో మళ్లీ అవే వార్తలు వచ్చాయి.

కోరుట్ల, జగిత్యాల వైపు వెళితే గల్ఫ్ కథ. దుబాయి, మస్కట్, సౌదీ పోయినవాళ్లు లేని ఊరు దొరకడం కష్టం. ఏజెంటుకు కట్టిన అప్పు తీరేదాకా మగమనిషి తిరిగిరాడు. భార్య అత్తమామల దగ్గర పిల్లలతో ఉంటూ, బీడీలు చేస్తూ, ఫోన్లోనే సంసారం చేస్తుంది. కొందరు అప్పు తీరకముందే ఒట్టి చేతులతో వాపసు వస్తారు. వాళ్లు ఊర్లో మొహం చూపించలేక ఇంట్లోనే ఉండిపోతారు.

ఎల్లారెడ్డిపేట మండలంలో వ్యవసాయం, బీడీలు, గల్ఫ్ మూడూ ఉన్నాయి. 2016 దాకా ఈ మండలంలోనే ఉండి, జిల్లాల పునర్విభజనలో వేరు మండలమైన వీర్నపల్లిలో లంబాడీ తండాలు ఎక్కువ. తండాలో ఇంటి భాష గోర్ బోలీ, బడి భాష తెలుగు. కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల పట్టణాల్లో ఉర్దూ మాట్లాడే ముస్లిం కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. పాత కరీంనగర్ జిల్లా ఇటుక బట్టీలకు ఒడిశా నుంచి కుటుంబాలకు కుటుంబాలు సీజనుకు వస్తాయి. రైసుమిల్లుల్లో బిహార్ హమాలీలు పనిచేస్తారు. జిల్లా ఆస్పత్రి మానసిక వైద్యుడి గది ముందు ఒక్క ఉదయమే వీళ్లందరూ వరుసలో నిలబడే అవకాశం ఉంది.

ఒంటి నొప్పిగా వచ్చే దిగులు

వీళ్లలో ఎవరూ ‘నాకు డిప్రెషన్’ అని చెప్పరు. ‘పానం మంచిగ లేదు’, ‘నరాలు గుంజుతున్నయి’, ‘కాళ్లు చేతులు తిమ్మిర్లెక్కుతున్నయి’, ‘కంటిమీద కునుకు లేదు’ అని వస్తారు. దగ్గరివాళ్లయితే ‘రంది పెట్టుకున్నడు’, ‘బుగులైతుందట’ అంటారు. ఇది తెలంగాణ పల్లెల ప్రత్యేకతేమీ కాదు. 1999లో వెలువడిన ప్రపంచ ఆరోగ్య సంస్థ అధ్యయనంలో 14 దేశాల ప్రాథమిక వైద్య కేంద్రాలకు వచ్చిన కుంగుబాటు రోగుల్లో 69 శాతం మంది ఒంటి బాధలు మాత్రమే చెప్పుకున్నారు. ఆ కేంద్రాల్లో బెంగళూరు ఒకటి. చైనాలోని హునాన్‌లో అమెరికన్ మానసిక వైద్యుడు ఆర్థర్ క్లైన్‌మన్ 1980ల మొదట్లో ‘నరాల బలహీనత’ అన్న పేరుతో చికిత్స పొందుతున్న 100 మందిని పరీక్షిస్తే, 87 మందిలో కుంగుబాటు లక్షణాలు కనిపించాయి.

ఒంటి బాధ చెప్పడం అజ్ఞానం కాదు. ఒంట్లో బాగాలేదంటే ఇంట్లో అన్నం వండిపెడతారు, ఆస్పత్రికి తీసుకుపోతారు. మనసు బాగాలేదంటే పిచ్చి అన్న ముద్ర పడుతుంది, చెల్లెలి పెళ్లి ఆగుతుంది. బెంగళూరులో ఆర్. రఘురామ్, మిచెల్ వైస్ తదితరులు చేసి 1996లో ప్రచురించిన అధ్యయనం ఈ లెక్కను బయటపెట్టింది. కుంగుబాటు లక్షణాలు చెప్పుకోవడం వల్ల పరువు పోతుందన్న భయం ఎక్కువ, ఒంటి నొప్పులు చెప్పుకోవడం వల్ల ఆ భయం తక్కువ. కాబట్టి నడుము నొప్పిని పక్కకు తోసి ‘అసలు సంగతి చెప్పు’ అనే చికిత్సకుడు అక్కడికక్కడే ఓడిపోతాడు. ముందు నడుము నొప్పి వినాలి. ఎప్పటినుంచి, ఏ పని చేస్తుంటే, రాత్రి ఎట్లుంటుంది అని అడుగుతూ పోతే నిద్ర, ఆకలి, విసుగు, ఆఖరికి అప్పు దాకా మనిషి తనే వస్తాడు.

ఈలోపు అతను ఊరి ఆర్‌ఎంపీ దగ్గర గ్లూకోజ్ సీసాలు, బలం సూదులు ఎన్నో వేయించుకుని ఉంటాడు. ఇంకొక సంగతి అడగడం ఇక్కడి చికిత్సకుడికి తప్పనిసరి: కల్లు. తెలంగాణలో చాలాచోట్ల కల్లులో మత్తుమందులు కలిపి అమ్మడం దశాబ్దాల సమస్య. 2015 సెప్టెంబరులో ప్రభుత్వం దాడులు చేసి ఆ సరఫరాను ఆపినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో వందలమంది వణుకు, ఫిట్స్, భ్రమలతో ఆస్పత్రుల్లో చేరారు. రోజూ సాయంత్రం సీసా కల్లు తాగే నడివయసు స్త్రీ దిగులుగా ఉందంటే, ఆ దిగులు దేనివల్లో తేల్చుకోకుండా మందు రాయడం ప్రమాదం. కల్లు ఒక్కసారిగా మానెయ్యమనడం ఇంకా ప్రమాదం. ఏ విదేశీ పాఠ్యపుస్తకంలోనూ ఉండని పాఠం ఇది.

అమెరికాలో మొదలైన చర్చ

చికిత్సకుడికీ రోగికీ మధ్య ఉన్న దూరాన్ని శిక్షణాంశంగా మార్చిన ఘనత ఎక్కువగా అమెరికాది. 1978లో క్లైన్‌మన్, లియోన్ ఐజెన్‌బర్గ్, బైరన్ గుడ్ ఒక వ్యాసంలో వైద్యులు రోగిని అడగాల్సిన ప్రశ్నలు సూచించారు: ఈ బాధకు మీరేం పేరు పెడతారు, ఎందుకొచ్చిందనుకుంటున్నారు, దీనివల్ల మీకు అన్నిటికన్నా ఎక్కువ భయం దేనికి? 1992లో డెరాల్డ్ వింగ్ సూ, ఆయన సహచరులు చికిత్సకుడికి తన పక్షపాతాల ఎరుక, ఎదుటి సమాజం గురించిన జ్ఞానం, దానికి తగిన నైపుణ్యం అనే మూడూ ఉండాలని ఒక చట్రం తయారుచేశారు. 1998లో మెలనీ టెర్వలాన్, జాన్ మర్రే-గార్సియా ఈ ధోరణిని నిలదీశారు. ఒక సమాజం గురించి ‘అంతా నేర్చేసుకున్నాను’ అనుకోవడమే అసలు జబ్బు, జీవితాంతం నేర్చుకుంటూ ఉండే వినయం కావాలన్నారు. 2013లో వచ్చిన అమెరికన్ మానసిక వైద్యుల నిర్ధారణ గ్రంథంలో 16 ప్రశ్నల సాంస్కృతిక ఇంటర్వ్యూ చేరింది. దాన్ని ముందుగా పరీక్షించిన ఆరు దేశాల్లో భారతదేశం ఒకటి, ఇక్కడి కేంద్రాల్లో పుణె ఉంది.

ఈ శిక్షణ వల్ల రోగులకు ఒరిగిందేమిటి? సమాధానం అంత సంతోషపెట్టేది కాదు. ఇలాంటి శిక్షణ మీద 2014లో వచ్చిన కాక్రేన్ సమీక్షకు పనికొచ్చే పరిశోధనలు ఐదే దొరికాయి. చికిత్సకుల వైఖరి, జ్ఞానం మెరుగవుతాయని చాలా అధ్యయనాలు చెప్పాయి. రోగులు అందువల్ల త్వరగా కోలుకున్నారన్న రుజువు పలచగానే ఉంది. దీనికి భిన్నంగా, చికిత్సనే ఆ సమాజానికి తగ్గట్టు మార్చినప్పుడు ఫలితం స్పష్టంగా కనిపించింది. 2006లో డెరెక్ గ్రైనర్, తిమొతి స్మిత్ 76 అధ్యయనాలను కలిపి చూస్తే, రోగి సొంత భాషలో జరిగిన చికిత్స ఇంగ్లీషులో జరిగినదానికన్నా రెట్టింపు ప్రభావం చూపింది. గల్ఫ్ నుంచి వచ్చినవాడికైనా, అమెరికాలో ఉద్యోగం చేసే తెలుగు ఇంజినీరుకైనా ఈ ఒక్క ఫలితం చాలా దూరం వర్తిస్తుంది.

అలాగని ఒకే జాతి చికిత్సకుడిని కుదిర్చితే సరిపోతుందా? 2011లో వచ్చిన క్యాబ్రల్, స్మిత్‌ల సమీక్ష దీన్ని కొలిచింది. రోగులు తమవాళ్లనే కోరుకుంటారు, తమవాళ్లనే కాస్త ఎక్కువ మెచ్చుకుంటారు. కానీ చికిత్స ఫలితంలో తేడా దాదాపు లేదు. తెలంగాణ పల్లెలో ఈ విషయానికి ఇంకో మలుపు ఉంది. తండాలో ఆశా కార్యకర్త రోగికి వదినో, ఆడబిడ్డో అవుతుంది. ఆమెకు భాష తెలుసు, బాధ తెలుసు. కానీ చెప్పిన మాట సాయంత్రానికి తండా అంతా తెలుస్తుందేమోనన్న భయం కూడా ఆమె వల్లే. సొంత కులపు కౌన్సెలర్ వద్దు, ఎవరో తెలియని మనిషి కావాలనుకునేవాళ్లూ ఉంటారు. రోగికి ఎంచుకునే వీలు ఇవ్వడమే దీనికి దారి.

గోవా నుంచి పశ్చిమ గోదావరి దాకా

భారతీయ మానసిక వైద్యులు ఈ విషయం మీద పాశ్చాత్యుల వెనుక నడిచారనుకుంటే పొరపాటు. 1950లలో అమృత్‌సర్ మానసిక ఆస్పత్రిలో విద్యాసాగర్ రోగుల కుటుంబాలను ఆవరణలోనే గుడారాల్లో ఉంచి చికిత్సలో భాగం చేశారు. పాశ్చాత్య చికిత్సకుడు రోగికి సమదూరంలో ఉండే అపరిచితుడు, మన రోగికి కావలసింది దారి చూపే పెద్దమనిషి అంటూ జె.ఎస్. నేకీ 1973లో గురుశిష్య బంధాన్ని చికిత్సకు నమూనాగా ప్రతిపాదించారు. ఎల్లారెడ్డిపేటలో ముసలామెను ‘అవ్వా’ అని, నేత కార్మికుడిని ‘అన్నా’ అని పిలిచే కౌన్సెలర్ ఆ దారిలోనే ఉన్నాడు. నేకీ మాటలో ఒక చిక్కూ ఉంది. గురువు చెప్పినదానికల్లా తల ఊపే రోగి ఇంటికెళ్లి ఏమీ చేయడు. పెద్దరికం వాడుకుంటూనే రోగి చేత కాదనిపించుకోగలగడం నేర్చుకోవలసిన విద్య.

అసలు ఇబ్బంది మనుషుల కొరత. దేశంలో లక్ష మందికి ఒక మానసిక వైద్యుడు కూడా లేడు. క్లినికల్ సైకాలజిస్టు కావాలంటే భారత పునరావాస మండలి గుర్తించిన కోర్సు చేసి నమోదు కావాలి, ఆ సీట్లూ తక్కువే. అందుకే ఇరవై ఏళ్లుగా ప్రపంచమంతా చూస్తున్న దారి, మామూలు మనుషులకు కుంగుబాటు చికిత్స నేర్పడం. 2002లో ఉగాండా పల్లెల్లో స్థానికులకు రెండు వారాలు నేర్పి బృంద చికిత్స చేయించారు. మొదట ఊరివాళ్లు దిగులును ఏమంటారో, దాన్ని ఏ గుర్తులతో పోలుస్తారో అడిగి తెలుసుకున్నాకే పని మొదలుపెట్టారు. జింబాబ్వేలో డిక్సన్ చిబాండా 2006లో క్లినిక్కుల ఆవరణలో బెంచీలు వేయించి అవ్వలను కూర్చోబెట్టారు. పాకిస్తాన్‌లో అతీఫ్ రెహ్మాన్ బృందం బాలింతల కుంగుబాటుకు ప్రభుత్వ మహిళా ఆరోగ్య కార్యకర్తల చేత చికిత్స చేయించి 2008లో ఫలితాలు ప్రకటించింది.

మన దేశంలో ఈ పనికి గోవాలోని సంగాత్ సంస్థ కేంద్రమైంది. విక్రమ్ పటేల్, ఆయన సహచరులు అక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో తీవ్ర కుంగుబాటు ఉన్న సుమారు 500 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు మామూలు యువతీయువకుల చేత ఆరు నుంచి ఎనిమిది విడతల కౌన్సెలింగ్ ఇప్పించారు. ఆ గుంపులో 64 శాతం మంది కోలుకున్నారు, మామూలు వైద్యం పొందినవారిలో 39 శాతం. ఈ కౌన్సెలర్లు చేసింది సంక్లిష్టమైన మనోవిశ్లేషణ కాదు. దిగులులో మనిషి ఒక్కొక్క పనీ వదిలేస్తాడు, వదిలేసిన కొద్దీ దిగులు పెరుగుతుంది. వదిలేసిన పనుల్లో చిన్నదొకటి తిరిగి మొదలుపెట్టించడం, మరుసటి వారం దాని సంగతి అడగడం వాళ్ల పని.

ఈ ప్రాంతపు బాధలకు అన్నిటికన్నా దగ్గరి ఉదాహరణ విదర్భలో ఉంది. రైతు ఆత్మహత్యల అమరావతి జిల్లాలో 30 ఊళ్లలో ‘విశ్రామ్’ పేరుతో సాగిన కార్యక్రమంలో, కుంగుబాటు ఉన్నవారిలో సహాయం కోసం ఎవరినైనా కలిసినవాళ్లు 4.3 శాతం నుంచి 27.2 శాతానికి పెరిగారు. తెలుగు నేలమీద జరిగిన పని పశ్చిమ గోదావరి జిల్లాది. జార్జ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన పల్లబ్ మౌలిక్ బృందం అక్కడి గిరిజన గ్రామాల్లో ఆశా కార్యకర్తలకు ట్యాబ్ ఇచ్చి, కుంగుబాటు, ఆందోళన ప్రశ్నావళులు అడగడం నేర్పింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరుకు ఏ రోగికి ఏం చేయాలో అదే ట్యాబ్ సూచించేది. ముందుగా ఊళ్లో నాటకాలు, వీడియోలతో మానసిక జబ్బు గురించి మాట్లాడించారు. 30 ఊళ్లలో 5,007 మందిని అడిగితే 238 మందికి సాయం అవసరమని తేలింది. 2017లో ప్రచురించిన ఫలితాల ప్రకారం అలాంటివారిలో మానసిక వైద్య సేవలు వాడుకున్నవాళ్లు 0.8 శాతం నుంచి 12.6 శాతానికి చేరారు. ఎనిమిదిమందిలో ఒకరే కదా అనిపించవచ్చు. దాదాపు ఎవరూ రాని చోట అది చిన్న సంగతి కాదు. ఆ తర్వాత ఇదే పద్ధతిని ఆంధ్రప్రదేశ్, హర్యానాలలో 44 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలో పెద్ద ఎత్తున పరీక్షించారు.

సిరిసిల్ల నేర్పే పాఠాలు

గోవా పద్ధతిని ఉన్నదున్నట్టు తెచ్చి సిరిసిల్లలో పెడితే ఏమవుతుంది? ‘మీకు సంతోషమిచ్చే పని ఒకటి చెప్పండి’ అన్న ప్రశ్న దగ్గరే ఆగుతుంది. రోజంతా సాంచాల చప్పుడులో నిలబడి రాత్రికి ఇల్లు చేరేవాడికి, పొద్దున లేచి వంట చేసి వెయ్యి బీడీల లెక్క ముగించుకోవలసిన ఆమెకు సరదా పనుల జాబితా ఉండదు. కుంగుబాటును కొలవడానికి ప్రపంచమంతా వాడే తొమ్మిది ప్రశ్నల పట్టికలో మొదటి ప్రశ్నే ఆసక్తి, సంతోషం గురించి. దాన్ని ఇక్కడ ‘ఇంతకుముందు చేసే పనుల మీద మనసు పోతలేదా? పండుగకు, పేరంటానికి పోబుద్ధయితలేదా?’ అని అడిగితే జవాబొస్తుంది. బతుకమ్మ ఆడడానికి రాని ఆడమనిషిని వాడకట్టంతా గమనిస్తుంది. కౌన్సెలర్ కూడా గమనించాలి.

రెండోది అప్పు. ఆసామి నెత్తిమీద మిత్తి, ఇంటామె నెత్తిమీద వారం వారం గ్రూపు కిస్తీ. ఆలోచనలు మార్చుకోమని చెప్పే చికిత్స ఈ కిస్తీ ముందు నిలబడదు, నిలబడుతుందని నేర్పడం అన్యాయం కూడా. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో విడుదల చేసిన ఐదు విడతల ‘ప్రాబ్లం మేనేజ్‌మెంట్ ప్లస్’ పద్ధతి మనసు కుదుటపరచుకోవడంతో పాటు, ఎదుటనున్న సమస్యను ముక్కలుచేసి ఒక్కొక్కటే పరిష్కరించుకోవడం నేర్పుతుంది. సిరిసిల్ల కౌన్సెలర్ శిక్షణలో చేనేత జౌళి శాఖ కార్యాలయం, బ్యాంకు రుణ పునర్వ్యవస్థీకరణ, బీడీ కార్మికుల పింఛను, ఆరోగ్యశ్రీ కార్డు, ఉచిత న్యాయ సహాయం గురించిన పాఠం తప్పకుండా ఉండాలి. 2017లో వికారాబాద్ జిల్లాలో మొదలైన కిసాన్ మిత్ర హెల్ప్‌లైన్ చేసింది ఇదే. రైతు ఫోన్ చేస్తే ఓదార్పు ఒక్కటే కాక, పాస్‌బుక్కు, బీమా, బ్యాంకు సమస్యను అధికారుల దాకా తీసుకెళ్లడం దాని పని.

గల్ఫ్ కుటుంబాల విషయంలో చికిత్సకుడికి కొత్త మర్యాదలు తెలియాలి. భర్త ఊళ్లో లేని కోడలు ఒంటరిగా మగ కౌన్సెలర్ గదిలోకి వెళ్తే మాటలు పుడతాయి. అత్త వెంట వస్తే ఆమె ముందు కోడలు నోరు విప్పదు. బీపీ పరీక్ష, పిల్లల టీకాల కోసం వచ్చినప్పుడు నర్సు పక్కకు పిలిచి పది నిమిషాలు మాట్లాడటం ఈ చిక్కును దాటిస్తుంది. తిరిగొచ్చిన మగవాడితో పని ఇంకో రకం. ‘ఎంత సంపాదించినవ్?’ అన్న ప్రశ్న ఊరంతా అడిగేసి ఉంటుంది. కౌన్సెలర్ అడగకూడని మొదటి ప్రశ్న అదే.

తండాల్లో, ఇటుక బట్టీల్లో భాష ముఖ్యం. పదేళ్ల కొడుకు చేత తల్లి మాటలను తెలుగులోకి చెప్పించుకోవడం ఆస్పత్రుల్లో రోజూ కనిపించే దృశ్యం. చావాలనిపిస్తోందని తల్లి తన కొడుకు నోటితో చెప్పించదు. దుబాసీతో పనిచేయడం కూడా నేర్పవలసిన నైపుణ్యమే: రోగి మొహం చూస్తూ మాట్లాడటం, చిన్న చిన్న వాక్యాలు, దుబాసీ సొంత సలహాలు కలపకుండా ముందే మాట తీసుకోవడం. 1943లో ఆదిలాబాద్ మార్లవాయిలో మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ గోండు యువకులనే గోండు పిల్లలకు పంతుళ్లుగా తయారుచేసే శిక్షణ కేంద్రం పెట్టించాడు. గోర్ బోలీ వచ్చిన డిగ్రీ చదివిన అమ్మాయిలు వీర్నపల్లి తండాల్లో నేడు కొరత కాదు, వాళ్లను కౌన్సెలర్లుగా తీసుకునే పోస్టులే కొరత.

కాగితం సంగతి కూడా ఒకటుంది. 1978లో నక్సలైట్ ఉద్యమం కారణంగా ప్రభుత్వం సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఆ తర్వాత చాలా ఏళ్లు, ఇంటికొచ్చి పేరు, ఊరు, ఎవరెవరు వచ్చిపోతారని రాసుకునే మనిషి అంటే ఇక్కడి జనానికి మంచి శకునం కాదు. అరవై దాటినవారిని ప్రశ్నావళితో పలకరించేటప్పుడు ముందు మాట, తర్వాత కలం అన్న వరస పాటించడం మేలు.

కొండగట్టు దారిలో

జగిత్యాల జిల్లా మల్యాల మండలంలో కొండగట్టు ఆంజనేయస్వామి గుడి ఉంది. మనసు చెదిరినవారిని తీసుకొచ్చి నలభై రోజులు సేవ చేయిస్తే నయమవుతుందని తరాల నమ్మకం. వేములవాడ రాజన్న ఆలయ ఆవరణలో దర్గా కూడా ఉంది, హిందువులూ ముస్లింలూ రెండు చోట్లా మొక్కుతారు. ‘గాలి సోకింది’, ‘ఎవరో చేసిండ్రు’ అన్న వివరణతో కుటుంబం ముందు ఇలాంటి చోట్లకే వెళ్తుంది, ఆస్పత్రికి తర్వాత వస్తుంది.

శిక్షణలో ఈ నమ్మకాన్ని ఏం చేయాలన్నది సున్నితమైన ప్రశ్న. ఎగతాళి చేస్తే కుటుంబం మళ్లీ రాదు. అంతా నిజమేనని తల ఊపితే మందు ఆగిపోతుంది. గుజరాత్‌లో ఉనావాలోని మీరా దాతార్ దర్గా దగ్గర ప్రభుత్వం, ఒక స్వచ్ఛంద సంస్థ కలిసి ముజావర్లకు మానసిక జబ్బు గుర్తులు నేర్పి, ప్రార్థనతో పాటు పక్కనే ఉన్న క్లినిక్కుకు పంపేలా ఒప్పించాయి. మొక్కూ ఆగలేదు, మందూ ఆగలేదు. దీనికి విరుద్ధమైన ఉదాహరణ తమిళనాడులోని ఎర్వాడి. 2001 ఆగస్టు 6న అక్కడి ఒక ఆశ్రమంలో మంటలు లేచి, గొలుసులతో కట్టేసిన 28 మంది తప్పించుకోలేక చనిపోయారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులు వేయడాన్ని నిషేధించింది. కాబట్టి చికిత్సకుడు మొక్కును గౌరవించాలి. గొలుసు, దెబ్బలు, పస్తులు కనిపిస్తే మాత్రం మొహమాటం లేకుండా అడ్డుపడాలి. కొండగట్టు మెట్ల దగ్గర వారానికొకసారైనా మానసిక వైద్యుడి శిబిరం, అర్చకులతో మాటామంతీ పెట్టడానికి పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు.

శిక్షణ తర్వాత

ఇలాంటి విషయాలన్నిటికీ జిల్లాల్లో సాధారణంగా దొరికేది ఒకరోజు సదస్సు: ఉదయం జ్యోతి ప్రజ్వలన, మధ్యాహ్నం స్లైడ్లు, సాయంత్రం సర్టిఫికెట్. దీనివల్ల ఎవరూ చికిత్సకులు కారు. గోవా ప్రయోగం నిలబడటానికి కారణం తరగతి గది కాదు, ఆ తర్వాత నెలల తరబడి సాగిన పర్యవేక్షణ. రోగి ఒప్పుకుంటే కౌన్సెలింగ్‌ను రికార్డు చేసేవారు. వారానికొకసారి కౌన్సెలర్లు కలిసి కూర్చుని ఒకరి రికార్డు మరొకరు విని మార్కులు వేసేవారు, ఎక్కడ తొందరపడ్డారో, ఎక్కడ ఉపన్యాసం ఇచ్చారో చెప్పుకునేవారు. ఆసామి మాట్లాడుతుంటే ‘అన్నీ సర్దుకుంటాయి’ అని మధ్యలో అడ్డు తగలడం, దళిత స్త్రీని నువ్వు అని, పటేల్‌ను మీరు అని పిలవడం వంటివి ఎవరూ కావాలని చేయరు. రికార్డు వింటేనే చెవిన పడతాయి. కుల భేదం గురించి ఉపన్యాసం వినడం కన్నా తన గొంతులో ఆ తేడా తనే వినడం ఎక్కువ నేర్పుతుంది.

పర్యవేక్షణకు పెద్దలెక్కడ? జగిత్యాలలో 2022లో, సిరిసిల్లలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. అందువల్ల మానసిక వైద్య అధ్యాపకులు కరీంనగర్, హైదరాబాద్‌లలోనే కాక ఇక్కడ కూడా ఉండే రోజులొచ్చాయి. కొత్త నిబంధనల ప్రకారం ప్రతి హౌస్‌సర్జన్ రెండు వారాలు మానసిక వైద్య విభాగంలో పనిచేయాలి. ఆ రెండు వారాల్లో కొన్ని రోజులు ఎల్లారెడ్డిపేట ప్రభుత్వ ఆస్పత్రిలో, వీర్నపల్లి తండాలో, సాంచాల షెడ్డు పక్కన గడిపేలా చేస్తే, ఆశా కార్యకర్తల నుంచి డాక్టర్లు నేర్చుకునే అవకాశమూ ఉంటుంది. ఆశాల మీద ఇప్పటికే టీకాలు, కాన్పులు, బీపీ, షుగర్ లెక్కల బరువుంది. కుంగుబాటును కూడా వాళ్లకే అప్పగించాలనుకుంటే దానికి వేరే పారితోషికం, వేరే సమయం ఇవ్వాలి. వింటున్నవాళ్లకూ వినే మనిషి కావాలి, ఎందుకంటే ఆత్మహత్య జరిగిన ఇంటికి మొదట పిలిచేది వాళ్లనే.

2022 అక్టోబర్ 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ సేవలో 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. చావాలనిపిస్తున్నవారే కాదు, అలాంటివారి గురించి దిగులుపడుతున్న ఇంటివాళ్లు కూడా ఆ నంబరుకు చేయవచ్చు. 2017 చట్టం ప్రకారం ఆత్మహత్యాయత్నం చేసిన మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టుగానే భావించాలి, శిక్షించకూడదు, అతనికి చికిత్స, పునరావాసం ఇవ్వడం ప్రభుత్వ బాధ్యత. ఆస్పత్రిలో చేర్పించడానికి కేసు భయంతో వెనుకాడే కుటుంబాలకు ఈ మాట చెప్పడం కూడా చికిత్సకుడి పనిలో భాగం.